టటిల్ మూలలో పదమూడు పౌన్ల చేప

ఫ్లోరిడాలో ఒక సరస్సుకి తూర్పున, సైప్రస్ చెట్లు నీళ్లలోనే మొలిచిన చోట, ఒక ఇరుకు మూల ఉంది. చీకటి పడితే అటు ఎవరూ పడవ తిప్పరు. మొసళ్లకి భయపడి కాదు. అక్కడివాళ్లకి మొసళ్లు వీధికుక్కలతో సమానం. భయమల్లా ఒక నిప్పుకణానికి... దీపం వేస్తే మొసలి కళ్లు జంటగా ఎర్రగా మెరుస్తాయి. ఆ మూలలో మాత్రం ఒకటే మెరుస్తుంది. అదీ నీళ్లమీద కాదు — పడవలో కూర్చున్న మనిషి మూతి ఉండే ఎత్తులో.

ఆరిన్ టటిల్ చుట్ట అది, అంటారు. మూడేళ్ల కిందట అక్కడే పోయాడు. టోపీ దొరికింది, మనిషి దొరకలేదు.

ఈ మాట వింటే డెల్మర్ హాడ్జ్‌కి భయం వేసేది కాదు, ఒళ్లు మండేది. ఇరవయ్యేళ్లు ఆరిన్ వెనకాలే బతికాడు పాపం. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే రకం పడవ, ఒకే కొట్టులో ఎరకని కొన్న రబ్బరు వానపాములు. పెద్ద బాస్ చేపలు మాత్రం ఆరిన్‌కే! ఎరల కొట్టు గోడమీద పలకలో మొదటి పేరు ఆరిన్ది, పన్నెండు పౌన్లు. కింద డెల్మర్‌ది, పదకొండున్నర.

"చచ్చినవాడి మీద కూడా కుళ్లేనా అయ్యా?" అంది కొట్టు నడిపే వెర్నా.

"వాడు చచ్చినా ఊరుకున్నాడా? నిన్నటిదాకా అది బాతుల మూల. ఇప్పుడు టటిల్ మూలట!"

"అయితే పన్నెండు దాటిన చేప తెచ్చి తూకం వెయ్యి. లేదా కళ్లారా చూసినవాణ్ణి తీసుకురా. ఉత్త కబుర్లు పలకెక్కవు."

డెల్మర్ ఆ రాత్రే వెళ్లాడు.

మోటారు ఆపాడు. కప్పల అరుపులు ఆగిపోయాయి. కొక్కెం మొన నాచుకి తగలకుండా ఊదారంగు వానపాము ఒంట్లోనే దాచి, కలువాకుల అంచున విసిరాడు. లాగాడు... ఏమీ లేదు. మళ్లీ విసిరాడు, మళ్లీ లాగాడు...

చుట్ట వాసన.

నుదుటి దీపం అటు తిప్పాడు. రెండు... రెండు... మళ్లీ రెండు. మొసళ్లే. వాటి వెనకాల, కాస్త ఎత్తులో — ఒక్కటి.

"అదే తొందర నీకు..." నీళ్లమీదుగా వచ్చింది గొంతు, గుసగుసగా. "అడుక్కి దిగనివ్వరా దాన్ని."

డెల్మర్ చేతులు కొయ్యబారిపోయాయి. వానపాము అడుక్కి దిగింది. కదలకుండా పడుంది.

టక్... టక్.

దారం దానంతటదే పక్కకి నడిచింది. భయం ఏ గంగలో కలిసిందో, గాలం ఎత్తి ఒక్క గుంజు గుంజాడు! పడవ గిర్రున తిరిగింది. చేప గాల్లోకి ఎగిరింది, చెట్ల వేళ్లలోకి దూరింది, మళ్లీ బయటికొచ్చింది. చివరికి దాని దవడ పట్టుకుని, తపతప కొట్టుకుంటున్నదాన్ని పడవ అంచు బయటే స్ప్రింగు కాటాకి వేలాడదీశాడు.

పదమూడు.

దీపం దగ్గరగా వంచి మళ్లీ చూశాడు. పదమూడే.

"చూశావురా ఆరిన్? పదమూడు! ఇక నీ పేరు కిందకి!" భయపడాల్సింది పోయి దెయ్యాన్నే వెక్కిరించాడు మహానుభావుడు.

నీళ్లు భళ్లున పగిలాయి. పడవంత దవడలు పైకొచ్చి మూసుకున్నాయి — చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది. కాటాకి చేప పెదవి ముక్క వేలాడుతోంది, అంతే.

డెల్మర్ పడవలో కూలబడ్డాడు. తెల్లారితే వెర్నా నవ్వుతుంది. ఊరంతా నవ్వుతుంది. ఆ చేపని చూసినవాడు ఈ లోకంలో... కాదు, ఏ లోకంలోనైనా ఒక్కడే.

ఇరవయ్యేళ్లలో వాణ్ణి ఏదీ అడగలేదు. ఇప్పుడు అడిగాడు.

"ఆరిన్... నువ్వు చూశావుగా. వెర్నా కల్లోకైనా వెళ్లి ఒక్కమాట చెప్పరా. నీకు పుణ్యముంటుంది."

నిప్పుకణం కదిలింది. దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... డెల్మర్ చెంపకి వేడి తగిలింది. గట్టిగా దమ్ము లాగినట్టు ఒక్కసారి భగ్గుమంది.

"చేపా?" అంది గొంతు, చెవి పక్కనే. "ఏం చేపరా?"