మూడో బండిలో ఒకరు తక్కువ

సిద్దిపేటలో ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉన్న ఫైర్‌స్టేషన్‌ను జనం చిన్నస్టేషన్ అంటారు. బండ్లు పెట్టే షెడ్డు, దాని పక్కన వాచ్‌రూమ్, బయట ఒక గంట. ప్రహరీ గోడ మీద తడి పైపులు ఆరేసి ఉంటాయి. లోపలికి అడుగుపెట్టగానే డీజిల్ వాసన, దాని వెనకే తడిసిన కాన్వాసు వాసన తగులుతాయి. నరేందర్‌కు ఆ రెండు వాసనలూ ఇంటి వాసన కంటే ఎక్కువ అలవాటు. తొమ్మిదేళ్లుగా అతను అక్కడే పనిచేస్తున్నాడు. మూడేళ్లుగా వాచ్‌రూమ్ డ్యూటీ అతనిదే. ఫోను ఎత్తడం, గంట కొట్టడం, ఏ బండి ఎన్ని గంటలకు పోయిందో, ఎంతమంది పోయారో రాయడం అతని పని.

ఆ రాతకు ఒక పద్ధతి ఉంది. వైర్‌లెస్‌లో మాట్లాడేటప్పుడు ముందు బండి నంబరు చెప్పాలి, తర్వాత తలల లెక్క చెప్పాలి. "ఒకటి. ఐదుగురం. చేరినం." అంతే. మనుషుల పేర్లు చెప్పకూడదు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఆ స్టేషన్‌లో అందరికంటే పెద్దవాడు లక్ష్మీరాజం పెట్టిన అలవాటు. ఎందుకని నరేందర్ ఒకసారి అడిగితే, నంబరుకు రూపం ఉండదు, పేరుకు మనిషి ఉంటడు అని చెప్పి ఊరుకున్నాడు.

స్టేషన్‌లో ఒకటి, రెండు, నాలుగు నంబర్ల బండ్లు ఉండేవి. మూడు లేదు. పదకొండేళ్ల కింద ఉండేది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నారాయణరావుపేట దిక్కు గడ్డివాము అంటుకుందని ఫోనొస్తే పోయింది. ఐదుగురు పోవాల్సిన బండిలో నలుగురే పోయారు. ఐదో మనిషి లక్ష్మీరాజం. గంట మోగినప్పుడు అతను రోడ్డు అవతల మంగలి దుకాణంలో ఒక చెంప గీయించుకుని, రెండో చెంపకు సబ్బు నురుగుతో కూర్చుని ఉన్నాడు. నురుగుతోనే ఉరికొచ్చాడు. అప్పటికే బండి మలుపు తిరిగింది. దారిలో పాత క్వారీ గుంత దగ్గర బండి అంచు జారి నీళ్లలో పడింది. నలుగురినీ మర్నాడు తీశారు. బండిని మూడో రోజు క్రేను పెట్టి తీశారు. లక్ష్మీరాజం ఆనాటి నుంచి గడ్డానికి కత్తి తగలనివ్వలేదు.

ఈ ఏడు మార్చిలో పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. రెండో నంబరు బండి చేర్యాలకు, నాలుగో నంబరు బెజ్జంకికి పోవాలి. చిన్నస్టేషన్‌కు ఒక కొత్త బండి వస్తుంది. ఖాళీగా ఉంది కాబట్టి దానికి మూడో నంబరు. ఆ నంబరు ఖాళీగానే ఉంచాలని లక్ష్మీరాజం దరఖాస్తు పెట్టాడు. 'కారణం తెలుపగలరు' అని రాసి తిప్పి పంపారు. ఆ కాగితం ముందు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. కారణం రాయడం చేతకాక మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏప్రిల్ నెలాఖరుకు అతని రిటైర్మెంటు.

కొత్త బండితో పాటు కొత్తగా చేరినవాడు నరేందర్ తమ్ముడు శ్రీవర్ధన్. మూడు వారాలైంది. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. ఇప్పటికీ పొగ తగిలితే రెండుసార్లు పొడిగా దగ్గుతాడు, సరిగ్గా రెండేసార్లు. ఇద్దరూ అవ్వ అని పిలిచే వాళ్లమ్మ విమలమ్మకు ఈ ఉద్యోగం ఇష్టం లేదు. నరేందరే నచ్చజెప్పి, తాను ఉన్న చోటికే వేయించుకున్నాడు. ఆమె ఒక్కటే మాట అన్నది. వాడు నీ కండ్ల ముందట ఉండాలె, ఉంచుతవా? ఉంచుతనని నరేందర్ ఒట్టు పెట్టాడు.

ఏప్రిల్ రెండో వారం. యాసంగి వరికోతలు నడుస్తున్నాయి. సాయంత్రం ఆరూ నలభైకి ఫోనొచ్చింది. నారాయణరావుపేట దిక్కు గడ్డివాము అంటుకుంది, పక్కనే పశువుల కొట్టం ఉంది. ఒకటో నంబరు బండి పంపు మరమ్మతుకు విప్పి పెట్టి ఉంది. నరేందర్ గంట కొట్టాడు. మూడో నంబరు బండి బయటికి వచ్చింది. ముందు సీట్లో దళం పెద్ద కర్ణాకర్, చక్రం దగ్గర పర్శరాములు, వెనక ముగ్గురు. శ్రీవర్ధన్ ఒక కాలు బూటులో పెట్టి, ఇంకో బూటు చేతిలో పట్టుకుని ఎక్కాడు. కర్ణాకర్ వెనక్కి చూసి, పెండ్లికి పోతున్నవా, తయారైతున్నవ్ అన్నాడు. అందరూ నవ్వారు.

నరేందర్ రాశాడు. మూడు. 6.43. ఐదుగురు.

బండి పోయాక గాలి లేచింది. దుమ్ము, ఎండుగడ్డి వాసన. ఇంకా వాన పడలేదు, కానీ కరెంటు పోయింది. షెడ్డు రేకులు టపటపా కొట్టుకుని ఆగాయి. వాచ్‌రూమ్‌లో వెలుగుతున్నది బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ సెట్టు మీది చిన్న ఎర్రదీపం ఒక్కటే. లక్ష్మీరాజం ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

ఆరూ యాభైకి సెట్టు గురగురలాడింది.

"మూడు. నలుగురం. ఒక్కలు తక్కువున్నరు. పంపుతరా?"

నరేందర్ పెన్ను ఆగిపోయింది. పుస్తకంలో ఐదు అని అతని చేతి రాతే ఉంది. తన కళ్లతో చూసి రాసింది.

కర్ణాకర్ గొంతు కాదు అది. పర్శరాములుది కూడా కాదు. తొందర లేని గొంతు. వెనక ఇంజను చప్పుడు లేదు, సైరను లేదు. ఏవో నీళ్లు మెల్లగా బండకు తగులుతున్న చప్పుడు...

నరేందర్ బటను నొక్కి మళ్లీ చెప్పమన్నాడు.

"మూడు. నలుగురం. ఒక్కలు తక్కువున్నరు. పంపుతరా?"

అదే మాట. అదే పొడుగు. చివర అదే ఊపిరి.

మలుపులో ఎవడో జారిపడ్డాడు. నరేందర్‌కు తోచింది అదొక్కటే. ఒక కాలికే బూటు ఉన్నవాడు. వెనక అంచున నిలబడ్డవాడు. జేబులోంచి మొబైలు తీసి తమ్ముడికి కలిపాడు. గోడ అవతల బట్టలు మార్చుకునే గదిలో ఫోను మోగింది. శ్రీవర్ధన్ దాన్ని చార్జింగుకు పెట్టి మరిచిపోయాడు. చీకట్లో అది మోగి మోగి ఆగింది.

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. ఆ చేత్తో అతను నరేందర్‌ను ఆపవచ్చు.

ఆపలేదు.

నరేందర్ బటను నొక్కాడు. "ఎవలు తక్కువున్నరు? శ్రీవర్ధన్ ఉన్నడా మీతోని? శ్రీవర్ధన్?"

సెట్టు నిశ్శబ్దమైపోయింది. గురగుర కూడా లేదు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

తర్వాత ఆ గొంతు, కొత్త పేరును పుస్తకంలో రాసుకునేవాడు పలికినట్టు, ఒక్కో అక్షరం పలికింది.

"శ్రీ... వర్... ధన్."



"మంచిది."

గదిలోకి పాచి వాసన వచ్చింది. ఎన్నో ఏళ్లు ఎండ తగలని నీళ్ల వాసన.

ఏడూ ఐదుకు కర్ణాకర్ గొంతు వచ్చింది. ఈసారి వెనక ఇంజను మోత, జనం కేకలు, పశువుల అరుపులు. "మూడు. ఐదుగురం. చేరినం." నరేందర్ ఊపిరి వదిలి, ఇందాక ఎందుకు తక్కువ చెప్పినవన్నా అని అడిగాడు. తాము సెట్టు ముట్టనే లేదని కర్ణాకర్ అన్నాడు. మా తమ్ముడున్నడా అని అడిగితే, ఉండక యాడికి పోతడు, పైపు పట్టుకొని నన్నే తడుపుతుండు అన్నాడు.

నరేందర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. లక్ష్మీరాజం వైపు తిరిగి, ఆ గొంతు ఎవరిది కాకా అని అడిగాడు.

లక్ష్మీరాజం చెప్పాడు. పదకొండేళ్ల కింద మూడో బండి నుంచి వచ్చిన ఆఖరి మాట అదే. దారిలో ఉండగా అడిగారు. ఒక్కలు తక్కువున్నరు, పంపుతరా అని. ఆనాడు వాచ్‌రూమ్‌లో ఉన్నవాడు, పంపుతున్నం అని చెప్పాడు. లక్ష్మీరాజం మొహం తుడుచుకుని స్కూటరు తీసేలోపే క్వారీ దగ్గర నుంచి ఫోనొచ్చింది.

"అంటే వాళ్లు అడిగింది నిన్ను."

లక్ష్మీరాజం తల ఊపాడు.

"మరి ఇందాక నువ్వెందుకు చెప్పలే కాకా? నేను పేరు చెప్తుంటె ఎందుకు ఆపలే?"

ముసలాయన చెయ్యి గడ్డం మీదికి పోయింది. కుడి చెంప నిమురుకున్నాడు. పదకొండేళ్ల కింద సబ్బు నురుగు ఉండిపోయిన చెంప.

"నాకు ఇంక పదిహేడు రోజులే బిడ్డా" అన్నాడు.

మంటలు ఆరాయనీ, కొట్టం దక్కిందనీ ఎనిమిదింటికి కర్ణాకర్ చెప్పాడు. బయల్దేరుతున్నాం, ఐదుగురం అన్నాడు. నరేందర్ ఆ అంకెను రాసి, కింద గీత గీశాడు. కరెంటు ఇంకా రాలేదు.

ఎనిమిదీ ఇరవైకి సెట్టు మళ్లీ పలికింది. నీళ్ల చప్పుడు.

"మూడు. ఐదుగురం."

ఆ మాట వెనక ఎవరో దగ్గారు. పొడిగా. రెండుసార్లు.

నరేందర్ గేటు దాకా ఉరికాడు. రోడ్డు మీద దూరంగా లైట్లు కనిపించాయి. బండి వచ్చింది. అతని పక్క నుంచే షెడ్డులోకి పోయింది. తలుపులు తీసుకుని ఒక్కొక్కరే దిగారు. నరేందర్ వేలు చూపి లెక్కపెట్టాడు. కర్ణాకర్, పర్శరాములు, ఇంకొకడు, ఇంకొకడు. చివరన శ్రీవర్ధన్. అందరి మొహాలకూ మసి ఉంది. శ్రీవర్ధన్ మొహం మాత్రం కడిగినట్టు తేటగా ఉంది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి.

నరేందర్ వాచ్‌రూమ్‌కు వచ్చి పెన్ను తీశాడు. కర్ణాకర్ పద్ధతి ప్రకారం దళాన్ని వరసగా నిలబెట్టి, తన గుండెల మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత ఒక్కొక్కరి భుజం తట్టుకుంటూ లెక్కపెట్టాడు. కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"మూడు. నలుగురం. తిరిగొచ్చినం."

నరేందర్ మళ్లీ లెక్కపెట్టమన్నాడు. కర్ణాకర్ విసుక్కోకుండా మళ్లీ తట్టాడు. వరస చివర శ్రీవర్ధన్ నిలబడి ఉన్నాడు. కర్ణాకర్ చెయ్యి అక్కడి దాకా వచ్చి, ఖాళీ జాగలో ఆగినట్టు ఆగి, కిందికి దిగింది.

"నలుగురమే కద తమ్మీ పోయింది" అన్నాడు కర్ణాకర్.

శ్రీవర్ధన్ వరసలోంచి బయటికి వచ్చాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. కిటికీ దగ్గరికి వచ్చి ఆగాడు. పాచి వాసన.

"అన్నా, పిలుస్తున్నరు. పొయ్యొస్త" అని మెల్లగా అన్నాడు. గేటు వైపు నడిచాడు.

గంట మోగలేదు. ఫోను రాలేదు. కానీ గేటు బయట చీకట్లో ఏదో పెద్ద బండి ఇంజను ఆగకుండా నడుస్తోంది.

గేటు నలభై అడుగుల దూరం. వైర్‌లెస్ చేతికి అందేంత దగ్గర. నరేందర్ వైర్‌లెస్ అందుకున్నాడు.

"మూడు, ఇనుండ్రి. వాడు కాదు. తక్కువున్నది వాడు కాదు. లక్ష్మీరాజం. మీరడిగింది లక్ష్మీరాజంను. ఈడనే ఉన్నడు, పంపుతున్న..."

స్టూలు మీద ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

సెట్టులో నీళ్లు బండకు తగిలాయి. ఒకసారి. మళ్లీ ఒకసారి.

"మూడు. ఐదుగురం. జాగ లేదు."

గేటు బయట ఇంజను గేరు మారింది. సైరను లేకుండా, లైట్లు లేకుండా ఆ చప్పుడు నారాయణరావుపేట దారి పట్టింది. దూరమై దూరమై ఆగిపోయింది. షెడ్డులోంచి పర్శరాములు తల బయటికి పెట్టి, ఏ బండి పోయింది, రెండూ ఈడనే ఉన్నయి గదా అన్నాడు.

నరేందర్ గేటు దగ్గరికి పోయేసరికి అక్కడ ఒక తడి బూటు ఉంది. ఒక్కటే.

అప్పుడే కరెంటు వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో ఫోను మోగింది. కర్ణాకర్ దాన్ని చార్జరు నుంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎవలదిరా అని అడిగాడు. ముగ్గురూ తమది కాదన్నారు. నరేందర్ చెయ్యి చాచాడు. తెర మీద 'అవ్వ' అని ఉంది.

ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. "అవ్వా" అన్నాడు.



"నరేందరా? ఇది నీ నంబరేనా బిడ్డా?" అన్నది విమలమ్మ. "ఈ నంబరు నా ఫోన్ల ఉన్నది. రోజూ ఈ యాళ్లకు నేనే చేసినట్టు సూపెడ్తున్నది... ఎవలదో యాదికొస్తలేదు."