పుస్తకంలో లేని పిల్ల

మార్చి వచ్చిందంటే మార్కాపురం చుట్టుపక్కల పల్లెల్లో మిట్టమధ్యాహ్నానికీ నడిరాత్రికీ పెద్ద తేడా ఉండదు. రెండు వేళల్లోనూ వీధిలో మనిషి కనబడడు. కుక్కలు కూడా ఎక్కడ నీడ దొరికితే అక్కడ పడి ఉంటాయి. దెయ్యాలు చీకట్లోనే తిరుగుతాయని చెప్పినవాళ్ళు ఇక్కడి ఎండ చూసి ఉండరు.

ఎలీషబా ఇల్లు చర్చి వెనక వరసలో ఆఖరిది. రెండు గదులు, ముందు రేకుల పంచ. ఆ పంచలో కూర్చుని రాతిపలకలకు చెక్క చట్రాలు బిగించడం ఆమె పని. కార్ఖానా వాళ్ళు పొద్దున్నే ఆటోలో తెచ్చి దించుతారు, సాయంత్రానికి ఎత్తుకుపోతారు. చంటిపిల్లలు కూడా ఫోన్లు గీకే ఈ రోజుల్లో పలకలు ఎవరు కొంటున్నారో ఆమెకు తెలియదు. భర్త ఆరేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అంతకు అయిదేళ్ళ ముందే, ఉన్న ఒక్క కూతురు సువార్త, ఊరవతల నీళ్ళు నిలిచిన పాత గని గుంతలో పడి చనిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ రోజుతో ఆ ఇంట్లో అమ్మా అనే పిలుపు ఆగిపోయింది.

నిరుడు పిల్లల సంక్షేమం వాళ్ళు కేథరిన్‌ని తెచ్చి అప్పగించారు. పదహారేళ్ళ పిల్ల. దత్తత కాదు, పద్దెనిమిది నిండేదాకా సాకడం. అప్పటికే మూడిళ్ళు మారింది. మూడిళ్ళ వాళ్ళూ ఒకటే మాట చెప్పి వెనక్కి పంపారు, ఈ పిల్లకు గాలి సోకిందని.

ఒంగోలు డాక్టరమ్మ మాత్రం అట్లా అనలేదు. "పసితనంలో ఈ పిల్ల మీద పడకూడని కష్టం పడిందమ్మా. ఒక్కతే మొయ్యలేక మనసు నలుగురై పంచుకుంది. కేథరిన్ కాక ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళు దెయ్యాలు కాదు. ఎవరొచ్చినా తరమొద్దు, పేరడిగి అన్నం పెట్టండి. ఎవరు ఎప్పుడొచ్చారో ఈ పుస్తకంలో రాసి నాకు చూపించండి" అంది.

ఎలీషబా శ్రద్ధగా రాసింది. అయిదేళ్ళ పండు వస్తే చక్కెర అడుగుతుంది. శీను వస్తే గొంతు మగపిల్లాడిదవుతుంది, గడపలో కాపలా కూర్చుంటాడు, ఎవరికీ జంకడు. అవ్వ వస్తే నోరెత్తకుండా అంట్లు తోమి బోర్లిస్తుంది. అంట్లు తోమే మనిషిని ఎవరు మాత్రం వద్దంటారని ఎలీషబా నవ్వుకునేది. కేథరిన్ తిరిగొచ్చాక మాత్రం పాపం, "ఎంతసేపు పోయినాను పెద్దమ్మా?" అని బిత్తరపోయి అడిగేది.

లోకులు పలుగాకులని ఊరకే అనలేదు. ఎదురింటి రంగమ్మ రోజుకోసారి వచ్చి చెవి కొరికేది. "ఎలీషబక్కా, గిద్దలూరు కాడ తాయెత్తు కట్టేటాయన ఉన్నాడంట. పిల్లకు కట్టించరాదా?"

"పిల్ల బంగారం రంగమ్మా. తాయెత్తేదో ముందు నీ నోటికి కట్టించుకో."

ఆమెకు కావలసింది ఒక్కటే. ఈ పిల్ల అయిదో ఇల్లు వెతుక్కోకూడదు. నెలలో పదో తరగతి పరీక్షలు రాయాలి, ఇక్కడే ఉండాలి. ఏదో ఒక రోజు పెద్దమ్మా అనే పిలుపులోంచి ఆ 'పెద్ద' జారిపోతే చాలు. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. రేకులు వేడికి టక్... టక్... అంటున్నాయి. ఎలీషబా చట్రానికి మేకు కొడుతుంటే లోపలి గదిలోంచి ఒక వాసన వచ్చింది. తడి పలక వాసన. బడిపిల్లలు నీళ్ళు చల్లి తుడిచినప్పుడు వస్తుందే, అది. కానీ ఇంట్లో చుక్క నీళ్ళు ఒలికింది లేదు.

"అమ్మా."

సుత్తి ఆగిపోయింది. ఎలీషబాకు సంతోషంతో కళ్ళు తిరిగినంత పనైంది. ఇన్నాళ్ళకు కేథరిన్ తనను అమ్మా అంది.

"ఏంది తల్లీ?" అంటూ లేచి లోపలికి వెళ్ళింది.

పిల్ల గోడ వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. "తల తుడువమ్మా. చలేస్తా ఉంది."

బయట నిప్పులు కురుస్తున్నాయి. ఎలీషబా జుట్టు మీద చెయ్యి వేసి చూసింది. పొడిగానే ఉంది. చెయ్యి తీసి చూసుకుంటే... అరచెయ్యి తడిగా ఉంది.

కొత్తవాళ్ళెవరో వచ్చారనుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టే అడిగింది. "నీ పేరేంది?"

పిల్ల ఇటు తిరిగింది. ముఖం కేథరిన్‌దే. చూపు కాదు.

"నా పేరు మరిచిపోయినావా?" అని గుసగుసగా అంది. "ఆ పొద్దు నువ్వు కొట్టినావని నేను ఎవరికీ చెప్పలేదమ్మా."

ఎలీషబా పోయి వీధి తలుపు మూసింది. పదకొండేళ్ళ కిందట ఆ రోజు సువార్త ఆడుకుంటూ ఆడుకుంటూ కొత్త పలకల దొంతర తోసేసింది. పదీ పన్నెండు పగిలాయి. ఎలీషబా చెంప మీద కొట్టింది. పిల్ల ఏడుస్తూ బయటికి పోయింది. ఊరికి మాత్రం ఎలీషబా, ఆడుకోడానికి పోయిందనే చెప్పింది. మొగుడికీ అదే చెప్పింది, ప్రార్థనలో దేవుడికీ అంతకంటే చెప్పలేకపోయింది. ఆ దెబ్బ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే.

ఆ రోజు పుస్తకంలో ఆమె ఏమీ రాయలేదు.

తప్పని తెలుసు. కానీ కన్నపేగుకు తప్పూ ఒప్పూ ఎవరు నేర్పగలరు? మర్నాడు మధ్యాహ్నానికి గుడ్డు వేయించి, ఉల్లిగడ్డ కారం నూరి, కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. తడి పలక వాసన వచ్చింది. ఆ పిల్లా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఎలీషబా తల దువ్వి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, తగ్గని చలికి దుప్పటి కప్పేది. ఎనిమిది రోజులు అట్లా గడిచాయి. బతుకులో అంత సుఖం ఆమె ఎరగదు.

తొమ్మిదో రోజు పొద్దున కేథరిన్ పుస్తకాలు ముందేసుకుని ఏడుస్తోంది.

"పెద్దమ్మా, ఈ వారంలో నాకు రెండు దినాలే గుర్తున్నాయి. చదివింది ఏమీ గుర్తు లేదు. ఎక్కువైతా ఉంది నాకు." తల వంచుకుని అడిగింది. "నన్ను పంపించేస్తావా?"

"ఏం లేదులే, ఎండకు అట్లుంటాది" అంది ఎలీషబా. ఆ అబద్ధం నోట్లో చేదుగా ఉండిపోయింది.

గంట తర్వాత చూస్తే కేథరిన్ కుర్చీలో లేదు. మంచం కింద నక్కి, మోకాళ్ళు కావలించుకుని ఎవరో వణుకుతున్నారు.

"ఎవరు నాయనా?"

"శీనుని." ఎవరికీ జంకని శీను. "గట్టిగా మాట్లాడొద్దు. అది వింటాది."

"ఏది?"

"ఆ పిల్ల. మేం నలుగురం పెద్దమ్మా, మాకు తెలుసు. ఆ పిల్ల మాది కాదు... ఈ ఇంటిది. తడితడిగా వచ్చింది. నువ్వు రోజూ అన్నం పెడతన్నావు గదా, అందుకే పోవడంలా."

"కేథరిన్ ఏది?"

"కిందికి పోతా ఉంది. పిలిచినా పలకడంలా." వాడి పళ్ళు టకటకమన్నాయి. "ఇంక రెండు దినాలు ఇట్లనే ఉంటే... నాకు కూడా కనపడదు."

ఎలీషబా మంచం కింద చెయ్యి చాపి వాడి చెయ్యి పట్టుకుంది. ఒక కూతుర్ని తన చేత్తో పోగొట్టుకుంది. ఇప్పుడు ఆ కూతురి కోసం ఇంకో తల్లి కన్నబిడ్డను ముంచుతోంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె కంచం పెట్టలేదు. తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. వాసన వచ్చింది... ఈసారి ముక్కుపుటాలు చల్లబడేంతగా.

"అమ్మా, అన్నం ఏది?"

"సువార్తా, ఈ ఒళ్ళు నీది కాదు తల్లీ. కేథరిన్‌ది."

"నాకు ఒళ్ళు లేదు గదమ్మా."

ఎలీషబా చెయ్యి దుప్పటి మీదికి పోయింది, వెనక్కి తీసుకుంది.

"ఆడ చలిగా ఉంటాది. ఎవరూ పిలవరు" అంది పిల్ల. "మళ్ళీ కొడతావా?"

"కొట్టను. ఎప్పటికీ కొట్టను."

"మరి పొమ్మంటావా?"

అనవలసింది ఒక్క అక్షరం. పో. అది అనగలిగితే చాలు. కానీ మన వైపు పొలానికి పోయేవాడు కూడా పోతానని అనడు, పోయొస్తానంటాడు. పక్కూరి బస్సెక్కే చుట్టాన్నైనా, బడికి పోయే పిల్లనైనా పోయిరమ్మంటామే తప్ప పొమ్మనం. ఆ ఉత్త మాట శత్రువులకు దాచి పెట్టుకున్నది. కన్నబిడ్డ ముఖం ముందు పెట్టుకుని ఎలీషబా పెదాలు కదిపింది. నోరు పుట్టినప్పటినుంచీ నేర్చిన మాటే పలికింది.

"పోయిరా తల్లీ."

అన్నాక గానీ తెలియలేదు, ఏమందో. నాలుక కరుచుకుంది. అప్పటికే పిల్ల నవ్వుతోంది.

"పోయొస్తానమ్మా."

వాసన పోయింది. ఆ శరీరం ఒక్కసారి జలదరించి, నీళ్ళు మింగినట్టు దగ్గింది. "ఎంతసేపు పోయినాను పెద్దమ్మా?" అంది కేథరిన్. ఎలీషబా ఆమెను కావలించుకుని, రంగమ్మ పరుగెత్తుకొచ్చేదాకా ఏడ్చింది.

ఆ తర్వాత తడి వాసన రాలేదు. పండు వచ్చి చక్కెర అడిగింది, శీను మళ్ళీ గడపలో కూర్చున్నాడు. కేథరిన్ ముఖంలో కళ వచ్చింది. మార్కాపురం సెంటర్లో ఒక్కటి కూడా తప్పకుండా పరీక్షలు రాసింది. ఆఖరి రోజు పొద్దున బస్సెక్కబోతూ, ఎటో చూస్తూ, "అమ్మా, పోయొస్తా" అంది. ఎలీషబా దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చింది. పిల్ల వచ్చేసరికి పాయసం చెయ్యాలని పొయ్యి మీద పాలు పెట్టింది. పాలు పొంగడానికి వచ్చాయి. గరిటె కోసం చెయ్యి చాపింది...

ఎండ పడమటి గోడ మీద ఉంది.

పొయ్యి కట్టేసి ఉంది. పాలు విరిగి చల్లారాయి. తను గడపలో కూర్చుని ఉంది. ఎప్పుడు కూర్చుందో తెలియదు. చీర మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకు అతుక్కుపోయింది. ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు వచ్చి మూడు రోజులైంది, ఇంట్లో బిందెలు అడుగంటాయి.

ఎదురుగా కేథరిన్ గొంతుక్కూర్చుని, ఎలీషబా రెండు చేతులూ పట్టుకుని ఉంది.

"నువ్వేనా?" అని మెల్లగా అడిగింది.

"నేనే. ఎప్పుడొచ్చినావు? పరీక్ష ఎట్ల రాసినావు?"

"నేనొచ్చి గంటైంది." ఇట్లాంటివి కొత్త కాని పిల్ల కాబట్టి అరవలేదు, పారిపోలేదు. "గంట నుంచి నన్ను అక్కా అంటన్నావు."

ఎలీషబా తడిసిన చీర వైపు చూసుకుంది. "ఇంకా... ఏమన్నాను?"

"ఏడ్చినావు. రెండు గదులూ వెతికినావు. 'అమ్మే పోయిరమ్మనింది, వచ్చినానని చెప్పక్కా, అమ్మ ఏది?' అని అడిగినావు."

"నువ్వేం చెప్పినావు?"

"వస్తాది, ఈడ కూర్చో అన్నా." కేథరిన్ చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది. "నువ్వు వచ్చేసరికి... ఆ పిల్ల లేదు."