ఉత్త నీళ్ళు రెండుసార్లు

మధ్యాహ్నం నుంచి ఒకటే ముసురు. వంటింట్లో కాఫీ మెషీన్ మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ విసిగిస్తోంది.

"లోపల ఉప్పు పేరుకుపోయింది. మన నీళ్ళే అలాంటివి," అంది అమ్మ గొడుగు వెతుక్కుంటూ. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఆదివారం కూడా ఒక పూట వెళ్ళాలి. "నువ్వు కడిగెయ్యవే. పోయినసారి నేను చేస్తుంటే చూశావుగా?"

"చూశాను, చూశాను."

"కాఫీపొడి ఉండే పాడ్ పెట్టకుండా, ఉప్పు కరిగించే మందు కలిపిన నీళ్ళు మొత్తం దింపాలి. తర్వాత ట్యాంకు కడిగి, ఉత్త నీళ్ళు నిండా పోసి రెండుసార్లు దింపాలి. ఆ తర్వాతే తాతయ్యకి కాఫీ. విన్నావా?"

"అబ్బా, విన్నానమ్మా!"

ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు తొందర. పేరుకు తగ్గట్టే ఉండేది. జడ సగం అల్లేసరికి లేచి పరుగెత్తేది. లెక్కకి జవాబు రాసేది కానీ, ఎలా చేసిందో రాసేది కాదు.

ఆ మెషీన్ అమ్మమ్మ కోసం కొన్నది. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేకపోయినా, మీట నొక్కితే కాఫీ వస్తుందని. అమ్మమ్మ చాలాకాలం మంచాన ఉండి, ఈమధ్యే పోయింది. అమ్మకి కాఫీ పడదు. ఇప్పుడు దాని దగ్గరికి వచ్చేది తాతయ్య ఒక్కడే. కప్పు పట్టుకుని కిటికీ పక్కన కూర్చునేవాడు. మాట్లాడడం బాగా తగ్గించేశాడు. అన్నం కెలికి వదిలేసేవాడు. కాఫీ మాత్రం చివరి చుక్కదాకా తాగేవాడు.

తొందర మందు కలిపి ట్యాంకులో పోసింది. మీట నొక్కింది. మెషీన్ గుర్రుమంటూ వణికింది. వేడినీళ్ళు మగ్గులోకి దిగాయి. నీళ్ళలో తెల్లటి పలుకులు తేలాయి. మగ్గు సింకులో పారబోసి మళ్ళీ నొక్కింది.

అంతలో మెట్ల దగ్గర నుంచి పక్కింటి పొడుగు పిల్ల కేకేసింది. "ఒసేయ్, రా! మెట్ల కింద పిల్లి పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్ళు తెరవలేదు!"

తొందర ట్యాంకు వంక చూసింది. సగం మందునీళ్ళు ఇంకా ఉన్నాయి. ఇవన్నీ దిగాలి, తర్వాత ఉత్త నీళ్ళు, అదీ రెండుసార్లు. ఎప్పటికయ్యేను?

ఆ మందునీళ్ళ మీదే మంచినీళ్ళు నిండా పోసేసింది. మీట నొక్కి పట్టుకుంటే ఎర్ర లైటు ఆరిపోయింది. లైటు ఆరింది కాబట్టి పని అయిపోయినట్టే అనుకుంది.

సాయంత్రం అమ్మ వచ్చి అడిగింది. "కడిగావా?"

"ఆఁ."

"రెండుసార్లూ?"

"ఆఁ ఆఁ."

తాతయ్య కాఫీ పెట్టుకున్నాడు. ఒక గుక్క తాగి, కప్పులోకి చూశాడు. మళ్ళీ ఒక గుక్క తాగాడు. అలాగే చివరిదాకా తాగేశాడు.

మర్నాడు పొద్దున కూడా వాన తగ్గలేదు. తొందర స్కూలు బ్యాగు సర్దుకుంటుంటే, వంటింట్లో తాతయ్య గొంతు వినిపించింది.

"నిన్నటినుంచి నోరంతా పులుపమ్మా. కాఫీ కూడా సయించట్లేదు. రాత్రి కడుపులో ఒకటే మంట."

"ఏం కాదులే నాన్నా. తిండి సరిగా లేక అయ్యుంటుంది."

తాతయ్య గొంతు తగ్గించాడు. "మీ అమ్మకీ ఇలాగే మొదలైంది కదే. ముందు కాఫీయే వద్దంది."

అమ్మ కుళాయి కట్టేసింది. ఆ తర్వాత షాపుకి ఫోన్ చేసి, సెలవు కావాలని అడిగింది. "మా నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళాలండీ."

తొందర బ్యాగు సర్దడం ఆపేసింది. అది నా వల్ల కాదేమో అనుకుంది. నిజంగానే తాతయ్యకి ఒంట్లో బాగాలేదేమో. అమ్మ గదిలోకి వెళ్ళాక, మెల్లగా వంటింట్లోకి వెళ్ళి మీట నొక్కింది. వచ్చిన నీళ్ళు చెంచాతో కొంచెం నాలుక మీద వేసుకుంది.

పులుపు. పళ్ళు జివ్వుమనేంత పులుపు. తుపుక్కున ఉమ్మేసి, నోరు కడుక్కుంది.

గుమ్మం దగ్గర తాతయ్య ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మమ్మ పాత రిపోర్టుల సంచీ అమ్మ భుజానికి ఉంది.

"తాతయ్యా, పులుపు నీ నోట్లో లేదు," అంది తొందర. అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. "మెషీన్‌లో ఉంది. నేను కడగలేదు. మందు ట్యాంకులోనే ఉండిపోయింది. అమ్మతో అబద్ధం చెప్పాను."

అమ్మ అరుస్తుందనుకుంది. అమ్మ అరవలేదు. గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. కొంగుతో మొహం కప్పుకుంది. అమ్మమ్మ పోయిన రోజు తర్వాత అమ్మ ఏడవడం తొందర చూడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

తాతయ్య చేతిలో బూటు కింద పెట్టాడు. "అయితే నాకేం కాలేదన్నమాట," అన్నాడు మెల్లగా. "రాత్రంతా నిద్రపోలేదు తల్లీ. మీ అమ్మకి ఎలా చెప్పాలా అని ఒకటే ఆలోచన."

తొందర వంగి ఆయన కాలికున్న బూటు విప్పింది.

అమ్మ మందు ప్యాకెట్టు తెచ్చి, దాని మీద ఉన్నది చదివి డాక్టర్‌కి ఫోన్ చేసింది. నీళ్ళు బాగా తాగించమన్నాడు, మంట తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మన్నాడు. తాతయ్య గ్లాసు తర్వాత గ్లాసు తాగాడు. మధ్యాహ్నానికి మంట తగ్గింది.

సాయంత్రం తొందర స్కూలు నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళింది. ట్యాంకు ఊడదీసి, వంచేసి, మూలమూలలా తోమింది. పాడ్ పెట్టే చోటు తుడిచింది. ఉత్త నీళ్ళు పోసి మీట నొక్కింది. మగ్గు నిండింది. పారబోసింది. మళ్ళీ నొక్కింది. ట్యాంకు ఖాళీ అయ్యాక మళ్ళీ నింపింది.

"ఇంక చాల్లేవే," అంది అమ్మ, కూరగాయలు తరుగుతూ.

"ఇంకొంచెం ఉందమ్మా."

ట్యాంకులో చుక్క మిగలకుండా దింపాక, మళ్ళీ మంచినీళ్ళు పోసింది. వచ్చిన మొదటి వేడినీళ్ళు చెంచాలో పట్టి, ఊదుకుని తాగి చూసింది. నీళ్ళ రుచే. నమ్మకం చాలక ఇంకో చెంచా తాగింది. అప్పుడు పాడ్ పెట్టింది.

కప్పు రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. తాతయ్య కప్పు వంక చూశాడు కానీ, వెంటనే అందుకోలేదు.

"ముందు నీళ్ళు నేను తాగి చూశాను తాతయ్యా."

ఆయన కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"ఎలా ఉంది?"

"మీ అమ్మమ్మ కలిపినట్టు లేదు," అన్నాడు. "కాఫీలాగే ఉంది."

తొందర స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "అమ్మమ్మ ఎలా కలిపేది?" అని అడిగింది.

ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తాతయ్య కిటికీ బయటికి చూస్తూ నెమ్మదిగా మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. మళ్ళీ చెప్పాడు. తొందర కదలకుండా వింటూ కూర్చుంది.