దాపు కాయ

2094లో సొరకాయ కూర వండుకోవాలంటే పెరట్లో రెండు తలుపులు దాటాలి. మొదటి తలుపు తీసి లోపలికి వెళ్ళి దాన్ని మూయాలి. సున్నపు నీళ్ళ తొట్టిలో కాళ్ళు కడుక్కోవాలి. చిలక్కొయ్యకు తగిలించిన అంగీ పైన తొడుక్కోవాలి. ఆ తర్వాతే రెండో తలుపు తీయాలి. రెండూ ఒకేసారి తెరిచినవాడితో వీధిలో ఎవరూ మాట్లాడరు.

బయటి నేలలో కూరగాయ అనేది పండక పాతికేళ్ళయింది. గాలిలో నల్లబూజు ఉంది. దాని సిద్ధబీజాలు కంటికి కనపడవు. ఆకు మీద వాలిన పన్నెండో రోజుకు తీగ మసిగుడ్డలా వేలాడుతుంది. మందు లేదు. ఉంటుందని చెప్పినవాళ్ళు కూడా ఇప్పుడు చెప్పడం మానేశారు.

అందుకని ఎవరి పందిరి వాళ్ళు కట్టుకుంటారు. వెదురు బద్దలను విల్లులా వంచి, పాత ట్యూబు ముక్కలతో కట్టి, పైన వడపోత పొర కప్పుతారు. ఆ పొర గాలినీ వెలుగునూ రానిస్తుంది, సిద్ధబీజాన్ని రానివ్వదు. అంచులను మట్టిలో పూడ్చి తడిచేత్తో అదమాలి. చిన్న సందు మిగిలినా ఆరు నెలల తిండి పోతుంది. పొర ప్రభుత్వం ఇస్తుంది. మిగతాది ఎవరి చేతులు వాళ్ళవి. కట్టడం చేతకానివాళ్ళు డబ్బాల్లో వచ్చే పిండి తిని బతుకుతున్నారు. వాళ్ళను చూస్తే అది బతుకని అనిపించదు.

ఎంత కట్టినా బూజు ఏదో విధంగా లోపలికి వస్తూనే ఉంది. కనిగిరి దగ్గరున్న విత్తన రక్షణ కేంద్రంలో పనిచేసే డాక్టర్ యలమంద దానికోసమే ఘ్రాణినిని తయారు చేశాడు.

తెగులు తగిలిన మొక్క చావబోయే ముందు ఒక ఆవిరి విడుస్తుంది. మనిషి ముక్కు దాన్ని పసిగట్టలేదు. చింతగింజంత గ్రాఫీన్ జల్లెడ పసిగడుతుంది. దానికి ఒక చిన్న స్పీకరు అమర్చి పందిరి నడికొప్పున వేలాడదీస్తే, కంటికి మచ్చ కనపడటానికి మూడు రోజుల ముందే ఏ పాదుకు తెగులు సోకిందో చెబుతుంది. జనం దాన్ని ముక్కు అన్నారు. ఆ మూడు రోజుల్లో ఆ పాదు పీకి, కాయతో సహా కాల్చేస్తే మిగిలిన పందిరి దక్కుతుంది. లెక్క ప్రకారం ఊళ్ళలో ఒక్క కాలనీ పందిళ్ళు కూడా చావకూడదు.

ముక్కు వచ్చాక రెండేళ్ళలో ముప్పై ఒక్క కాలనీలు చచ్చాయి. అది రాకముందు ఏడాదికి నాలుగు చచ్చేవి.

"చచ్చిపోయిన లింగన్నపల్లె కాలనీ నుంచి తెప్పించిన ముక్కులివి సార్," అంది సుహాసిని. ఆమె కేంద్రంలో యలమంద కింద పనిచేస్తుంది. బల్ల మీద నలభై రెండు ముక్కులు వరసగా పెట్టింది. "అన్నిటి జ్ఞాపకాలూ తెరిచాను. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. అన్నీ మూడు రోజుల ముందే చెప్పాయి."

"మరి చెబితే ఎందుకు చచ్చాయి?"

"చెప్పబట్టే చచ్చాయి సార్."

యలమంద మొహం చిట్లించాడు. సుహాసిని తెర మీద ఇళ్ళ వరుస ఒకటి చూపించింది.

"తొమ్మిదో ఇంట్లో ముక్కు సోమవారం చెప్పింది, సొరపాదుకు తెగులని. మంగళవారం పండిన సొరకాయ వాసన తలుపు దాటి బయటికి పోయింది. అదే వాసన మంగళవారం సాయంత్రం పదకొండో ఇంట్లోకి వచ్చింది. తొమ్మిది రోజులకు పదకొండో ఇంట్లో ముక్కు చెప్పింది. ఆ మర్నాడు అక్కడి చిక్కుడు వాసన నాలుగో ఇంటికి పోయింది. ఇట్లా నలభై రెండు ఇళ్ళూ."

"దాపు," అన్నాడు యలమంద.

దాపు ఆ ప్రాంతంలో అందరూ పాటించేదే. ప్రతి పాదుకూ ఒక కాయను కోయకుండా విత్తనానికి వదులుతారు. అది పండాక సొంత ఇంట్లో ఉంచుకోరు. ఇరుగింట్లోనో పొరుగింట్లోనో దాపు పెడతారు. తన పందిరి కూలినా విత్తనం మిగలాలని. బయటి గాలి తగలకుండా ఆ కాయను పందిరిలోనే వెదురు బద్దకు వేలాడదీస్తారు. దాపు పెట్టుకున్నవాళ్ళు దాన్ని తినరు, విత్తరు. అడిగిన రోజు తిరిగి ఇస్తారు. ఈ పాతికేళ్ళూ విత్తనాలు బతికింది దానివల్లే.

"ముక్కు లేనప్పుడు తెగులు సంగతి తెలిసేలోపే కాయ కూడా మసైపోయేది," అంది సుహాసిని. "ఇచ్చే కాయలు మంచివై ఉండేవి. ఇప్పుడు మూడు రోజులు ముందు తెలుస్తోంది. పాదు ఎట్లాగూ పోతుంది, కాయన్నా దక్కించుకుందామని పరిగెత్తి పక్కింట్లో పెడుతున్నారు. పండిన కాయ తెగులు ఆవిరి విడవదు. తోలు మీద సిద్ధబీజాలు మాత్రం ఉంటాయి. పక్కింటి ముక్కుకు అది మంచి కాయే."

"తెగులని చెప్పి ఇవ్వొచ్చుగా?"

"చెబితే ఎవరు తీసుకుంటారు సార్?"

యలమంద బల్ల మీది ముక్కు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"నేను అప్పుడే అన్నాను, వీధికంతా వినపడేట్టు పెడదామని. మీరు వద్దన్నారు."

అది నిజం. ఇంటి గుట్టు వీధిలో చెప్పే యంత్రాన్ని ఎవరు తగిలించుకుంటారమ్మా అని ఆ రోజు అతనే అన్నాడు. మూడు రోజుల్లోపు పాదు పీకినవాళ్ళ సంగతి కేంద్రానికి కూడా చేరకుండా నియమం రాసింది అతనే. మనిషికి పరువు మిగిల్తే న్యాయంగా ఉంటాడని అనుకున్నాడు. అరవై ఏళ్ళ వయసులో అట్లా అనుకోవడం తెలివితక్కువ.

"గొంతు పెడదాం," అన్నాడు. "ఇంటి కప్పు మీద. పసిగట్టిన నిమిషంలో వీధంతా వినపడాలి. అరిచిన పందిరిని వీధి మొత్తం కలిసి కూల్చి కాల్చాలి. ఏమీ మిగల్చకూడదు. ఎల్లుండి కాక పై సోమవారానికి అన్ని ముక్కులకూ పంపించు."

"మరీ కఠినంగా ఉందేమో సార్."

"మనుషులకు సరిపోయేంతే ఉంది."

మర్నాడు ఆదివారం. పొద్దున అతను సొంత పందిట్లోకి వెళ్ళి అంగీ బొత్తాలు పెట్టుకుంటుండగా పైనుంచి ముక్కు పలికింది.

"సొరపాదుకు తెగులు సోకింది. మూడు రోజుల్లో కనిపిస్తుంది."

"మళ్ళీ చూడు."

"చూశాను. సొరపాదే. మిగిలిన మొక్కలు బాగున్నాయి. కాయతో సహా తీసి కాల్చండి."

యలమంద తల పైకెత్తాడు. పాదుకు ఒకటే కాయ ఉంది. మూరెడు పొడుగు, సన్నటి మెడ, తోలు గట్టిపడి గోధుమరంగుకు తిరిగింది. ఆ రకం ఇంకెక్కడా లేదు. కేంద్రంలోని విత్తనాల అరలో ఉన్నవి మొలకెత్తడం మానేసి నాలుగేళ్ళయింది. అతని భార్య ఆదెమ్మ ముప్పై ఏళ్ళు దాన్ని ఏటా విత్తి, ఏటా ఒక కాయ వదిలి కాపాడింది. ఆమె పోయి ఆరేళ్ళు. ఇల్లు ఆమెది కాదు, ఉద్యోగం ఆమెది కాదు, పిల్లలు లేరు. ఆమె ఉన్నదనడానికి ఆ పాదే ఉంది.

"కేంద్రానికి చెప్పమంటారా?" అంది ముక్కు.

"వద్దు."

కత్తితో తొడిమె కోశాడు. రెండు తలుపులూ దాటి కాయతో ప్రహరీ దగ్గరికి వచ్చాడు.

పక్కింటి మస్తానమ్మ ప్రహరీ అవతల పొర అంచులకు మట్టి మెత్తుతోంది. ఒంటరి మనిషి. ఒంటి చేత్తో పందిరి కట్టుకుంది. వీధిలో అంత బిగువైన పందిరి ఇంకోటి లేదు.

"ఏందన్నా, పొద్దున్నే పెళ్ళికొడుకులా అంగీతోనే బయటికొచ్చావు?"

యలమంద కిందికి చూసుకున్నాడు. లోపలి అంగీ విప్పడం మరిచాడు.

"దాపు పెడతావేమోనని, చెల్లెమ్మా."

ఆమె గబగబా చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుని, రెండు చేతులతో కాయ అందుకుంది.

"వదిన సొరకాయ గదూ! మెడ చూడు, ఎంత వయ్యారంగా ఉందో. ఇంకొకరు ఇస్తే వందసార్లు తిప్పి చూసేదాన్ని. ఇప్పుడెవర్నీ నమ్మేటట్టు లేదు గదా. నువ్వంటే ముక్కు కనిపెట్టినోడివి. నీకు తెలవకుండా ఏముంటది?"

"అవును," అన్నాడు యలమంద.

ఇంటికి వచ్చి పాదు పీకి గుంటలో కాల్చాడు. ముక్కు ఆ తర్వాత ఏమీ అనలేదు. మిగిలిన మొక్కలు నిజంగానే బాగున్నాయి.

తర్వాత ఎనిమిది రోజులూ మస్తానమ్మ గోడ అవతలి నుంచి ఏదో ఒకటి అంటూనే ఉంది. నీ కాయను మా చిక్కుడుపాదు పక్కన కట్టా, దానికి తోడుంది, నీకే లేదు, అంది ఒకరోజు. మా వంకాయలు కాస్తన్నాయి, నాలుగు పంపిస్తా, నువ్వు వండేది కూర కాదంట గదా, అంది ఇంకోరోజు. ఎనిమిది రోజుల్లో ఏ రోజైనా ఒక్క మాట చెబితే సరిపోయేది. కాయ తీసి కాల్చేది, ఆకులు గిల్లేది, సగం పందిరన్నా మిగిలేది. యలమంద చెప్పలేదు. అంటుకోకపోవచ్చులే అనుకున్నాడు. సిద్ధబీజాల గురించి ఆ జిల్లాలో అతనికన్నా ఎక్కువ తెలిసినవాడు లేడు.

సోమవారం అన్ని ముక్కులకూ గొంతు వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం మస్తానమ్మ ఇంటి కప్పు అరిచింది.

"ఈ ఇంట తెగులు. చిక్కుడుపాదు. ఈ ఇంట తెగులు."

నిమిషంలో వీధి నిండింది. కాలనీ పెద్ద కాటయ్య గడ్డపార పట్టుకుని ముందు నిలబడ్డాడు. మస్తానమ్మ తలుపుకు అడ్డంగా చేతులు చాపింది.

"నేనేం చేశా కాటయ్యా? రోజూ కాళ్ళు కడుక్కునే లోపలికి పోతన్నా. ఆ ఒక్క పాదూ పీకేస్తా. వంకాయలు ఇప్పుడే కాతకొచ్చినయ్యి."

"నీ నాలుగు వంకాయలకోసం వీధంతా పిండి తినాలా? తప్పుకో మస్తానమ్మా, మాచేత చెయ్యేయించుకోమాక."

"ఆరు నెల్లు నేనేం తినాల?"

కాటయ్య వెనక్కి తిరిగాడు.

"ఎట్ట వచ్చుంటది డాక్టరుగారూ? ఈమె పందిరి ఇంత గట్టిగా ఉంది గదా."

అందరూ యలమంద వైపు చూశారు. మస్తానమ్మ కూడా చూసింది.

"కాళ్ళు సరిగా కడుక్కోకపోతే వస్తుంది," అన్నాడు యలమంద.

ఎవరో థూ అన్నారు. మస్తానమ్మ చేతులు దించేసింది. "ఒక్క నిమిషం లోపలికి పోయొస్తా," అని వెనక్కి తిరిగి పందిట్లోకి వెళ్ళింది. ఆమె బయటికి వచ్చేసరికి కాటయ్య మొదటి బద్ద విరిచాడు. తర్వాత అందరూ తలో చెయ్యి వేశారు. యలమంద కూడా వేశాడు. అతను రాసిన నియమంలో వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి రావాలని ఉంది. వడపోత పొర మండితే పచ్చని పొగ వస్తుంది. వంకాయలు మంటలో టపటపా పగిలాయి.

సాయంత్రానికి బూడిద మీద సున్నం చల్లి అందరూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

మస్తానమ్మ ప్రహరీ దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి కొంగు చాటునుంచి సొరకాయ తీసింది.

"నీ దాపు, అన్నా. వాళ్ళు చూస్తే కాల్చేస్తారని దాచిపెట్టా. విత్తనానికి వదిలిన నా చిక్కుడుకాయ తెచ్చుకునేదానికి సందు చిక్కలా. ముందు ఎదుటోళ్ళది తియ్యాల గదా."

యలమంద గోడ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఒక మాట చెప్పాల. మాయింట్లో తెగులుంది గదా, దీనికీ అంటుకుందేమో. నువ్వు మాత్రం పందిట్లోకి తీసకపోమాక. ఇంకెవురికీ ఇవ్వమాక. వదిన కాయ నావల్ల పాడైపోయింది." ఆమె కొంగుతో కాయ మీది బూడిద తుడిచింది. "నన్ను క్షమించన్నా."

"పరవాలేదులే చెల్లెమ్మా," అన్నాడు యలమంద.

చేయి చాచి కాయ తీసుకున్నాడు.