సువా రేవులో మూసిన పోర్ట్

ఉదయం సువా రేవులో సీనియర్ గూఢచారి అపేనిసా శవం తేలింది. మధ్యాహ్నానికల్లా ఏజెంట్ ఇలీసా చీఫ్ మెరెవాని ముందు నిలబడ్డాడు. అతనికి గూఢచారి పని నేర్పిన గురువు అపేనిసాయే. అయినా ఏడవడానికి టైమ్ లేదు.

రేవు ఆఫీసు నెట్‌వర్క్‌కి ఎవరో దొంగ పరికరం తగిలించి, గస్తీ నౌక వెళ్లే దారిని విదేశీ ఆయుధాల ముఠాకు పంపుతున్నారని చీఫ్ చెప్పింది. అది పసిగట్టినందుకే అపేనిసాను చంపేశారు. సాయంత్రం నౌకకు కొత్త దారి అందుతుంది. అది పొక్కితే నౌకలో ఒక్కరూ మిగలరు.

"ఈలోగా ఆ ఆఫీసులో కేబుల్ తగిలించే ప్రతి పోర్టుకీ కాపలా పెట్టు. లోపల మన ఏజెంట్ వసితి ఉద్యోగిగా ఉంది, సాయం చేస్తుంది."

అంతకుముందు నుమియా నగరంలో చేసిన మిషన్‌లో వసితి, ఇలీసా భార్యాభర్తలుగా నటించారు. తిరిగొచ్చే ముందు, నిజంగానే పెళ్లి చేసుకుందామా అని అతనడిగితే ఆమె సరేనంది.

ఏసీ మెకానిక్ వేషంలో రేవు ఆఫీసుకి వచ్చిన అతన్ని చూసి ఆమె, "ఈ డ్రెస్సు బాగుందిలే. ఉద్యోగం పోయినా బతికేస్తావు" అంది. చెవి వెనక ఎర్రమందారం. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

ఆఫీసు కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్‌ను ఇలీసా, యంత్రాల గుర్తింపు సరిచూసే సర్వర్‌తో కలిపాడు. నౌకతో మాట్లాడే రేడియో గది కంప్యూటర్లకు గుర్తింపు సర్టిఫికెట్లు ఎక్కించి, అవి పనిచేస్తున్నాయో లేదో సరిచూశాడు. పొరపాటున వాటినే ఆపేస్తే నడిసముద్రంలో నౌకకు దిక్కు తెలియదు. తర్వాత ఒక్కో పోర్టుకీ ఆజ్ఞ ఇచ్చాడు: తగిలించిన యంత్రం తానెవరో రుజువు చేసుకునేదాకా దారి ఇవ్వొద్దు.

"నా గదిలో ప్రింటర్ పాతది. దానికి ఈ సర్టిఫికెట్లూ గట్రా తెలీవు. ఆ ఒక్క పోర్టూ వదిలెయ్" అంది వసితి.

అలాంటి ప్రింటర్ ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. అతను సరేనన్నాడు. ఆమె వెళ్లాక అలవాటుకొద్దీ ఆ పోర్టులో డేటా రాకపోకల లెక్క తీశాడు. ప్రింటర్‌కి డేటా లోపలికి రావాలి. ఇక్కడ మాత్రం బయటికే పోతోంది.

 ఆ పోర్టుకీ అదే ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పని చేస్తున్నది వసితి కాక, ఆమె గదిలోకి వచ్చిపోయే ఇంకెవరో అయితే బాగుండునని కోరుకున్నాడు.

సాయంత్రం నౌక కొత్త దారి రేవు ఆఫీసుకి వచ్చింది. మరుక్షణమే స్విచ్ మీద వసితి గది పోర్టు దీపం ఆకుపచ్చగా మెరిసి, గుర్తింపు లేదన్నట్టు పసుపుకు మారి, అక్కడే ఆగిపోయింది. ఒక్క అక్షరం కూడా బయటికి పోలేదు.

అతను వెళ్లేసరికి ఆమె లిప్‌స్టిక్ అంత పరికరాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంది.

"సరేనన్నావుగా" అంది.

"నువ్వూ అన్నావు. నుమియాలో."

"ఆయన్ని చంపుతారని నాకు తెలీదు ఇలీసా."

"పొద్దున తెలిసిందిగా. అయినా కేబుల్ పెట్టావు."

ఆమె పరికరాన్ని బల్ల మీద పెట్టి లేచింది. గార్డులు తీసుకెళుతుంటే వెనక్కి తిరిగి చూడలేదు.

రిపోర్టు పంపడానికి ఇలీసా తన ల్యాప్‌టాప్ తగిలించాడు. పసుపు దీపం వెలిగింది. అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చినవాడు తనకు ఇచ్చుకోవడం మరిచాడు. కేబుల్ చుట్టి జేబులో పెట్టుకుని, చీఫ్‌కి నోటితోనే చెప్పడానికి బస్సెక్కాడు.