చెవిలో చెప్పే ధర

"నువ్వు చెప్పేది ధరా, మురిక్కాలవ గాలా?"

మారివిక్ ముక్కు మూసుకుని ఆ మాట అనగానే, దలాహికన్ చేపల రేవులో ఉన్న కొనుగోలుదార్లంతా గొల్లుమన్నారు. డెల్ఫిన్ మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడింది.

ఆ రేవులో వేలం అరుపులతో సాగదు. అందుకే దాన్ని బులుంగన్ అంటారు, గుసగుసల వేలం. పడవ దిగిన చేపల టబ్బు చుట్టూ అందరూ మూగుతారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, చేత్తో నోరు అడ్డం పెట్టుకుని, అమ్మే మనిషి చెవిలో తమ ధర చెప్తారు. ఎవరెంత చెప్పారో పక్కవాడికి తెలియదు. అందరిదీ విన్నాక అమ్మే మనిషి నెగ్గినవాడి పేరొక్కటే పైకి పిలుస్తుంది. ధర మాత్రం చచ్చినా బయటికి రాదు.

తండ్రి మాంగ్ టెబన్‌కి వినికిడి తగ్గాక ఆ చెవి పని మారివిక్ మీద పడింది. బజార్లో చిన్న చేపల కొట్టు నడిపే డెల్ఫిన్‌కి ఆనాటి నుంచే నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారగానే ఆమె చెవి దగ్గర నోరు పెట్టాలి. చెవి వెనక నుంచి సబ్బు వాసన, ముత్యమంత పోగు. అతని నోట్లోంచి ఆమెకి వెళ్లేదేమో ఈ కంపు!

రోజుకి మూడుసార్లు పళ్లు తోమాడు. జామాకులు నమిలాడు. ఏదీ పని చెయ్యలేదు. చివరికి ఊళ్లో గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ లైటు వేసి చూసి తేల్చేసింది.

"టాన్సిల్స్ నిండా గుంతలు. వాటిల్లో తెల్లగా రాళ్లు కట్టాయి. వాసన అక్కణ్ణుంచే. తీయించుకుంటే పోతుంది. కానీ నీ వయసులో నరకం కనిపిస్తుంది. పొక్కులు రాలేటప్పుడు రక్తం కూడా రావచ్చు. జ్వరాలేమన్నా వస్తున్నాయా?"

"లేవు డాక్టర్."

"మరి అంత తొందరేంటి?"

"రోజూ పొద్దున్నే ఒకరి చెవిలో మాట్లాడాలి," అన్నాడు డెల్ఫిన్ నేల చూస్తూ.

ఆవిడ నవ్వాపుకుని తారీఖు ఇచ్చింది.

రేవులో మాత్రం బటంగాస్‌లో చుట్టాల ఇంటికి వెళ్తున్నానని చెప్పాడు. వాసన పోగొట్టుకోడానికి గొంతు కోయించుకుంటున్నాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా?

ఆపరేషన్ అయ్యాక నరకం అన్న మాట తక్కువే అనిపించింది. ఉమ్ము మింగితే చెవుల దాకా సలుపు. గుసగుస కూడా వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఐస్‌క్రీమ్ తినమంది. అమ్మమ్మ లోలా పాసింగ్ మాత్రం ససేమిరా అంది.

"పచ్చిపుండు మీద చలవా? తిరగబెట్టి పోతావురా!" అని వేడి అల్లం నీళ్లు తెచ్చింది. ఒక్క గుక్కకే డెల్ఫిన్ కళ్ల వెంట ధారలు కట్టాయి. ఐస్‌క్రీమ్ డబ్బా, పాడైపోతుందని, ఆవిడే ఖాళీ చేసింది.

పనేం లేదు కాబట్టి అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడేవాడు. గొంతులో తెల్లటి పొర. చీము పట్టిందా? మాంసం కుళ్లిందా? డాక్టరమ్మ అది మామూలేనని చెప్పింది. అయినా గుండె ఒప్పుకోదే! ఓసారి ఉమ్మితే ఎర్రగా కనిపించి ఆసుపత్రికి బయల్దేరబోయాడు. తీరా చూస్తే లోలా పెట్టిన ఎర్ర జెల్లీ.

అంతకన్నా పెద్ద దిగులు రుడీ. మనీలా నుంచి మంచుపెట్టెల లారీ వేసుకుని వస్తాడు. ఎప్పుడూ పుదీనా బిళ్ల చప్పరిస్తుంటాడు. ఈ పాటికి ఆ పుదీనా నోరు మారివిక్ చెవి దగ్గర ఎంతసేపు ఉంటోందో! ఫోన్ తీసి ఆమెకి రాయబోయాడు. 'నీ చెవి కోసం గొంతు కోయించుకున్నాను' అని రాస్తే పిచ్చాసుపత్రికి ఫోన్ చెయ్యదూ? చెరిపేశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, వాన మొదలవుతుండగా, మారివిక్ తనే గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గ్లాసెడు తాహో, వెచ్చగా, బెల్లంపాకంలో తేలే మెత్తటి సోయా జున్ను.

"బటంగాస్ మీ వంటింట్లోనే ఉందన్నమాట! నువ్వు ఇంట్లోనే ఉన్నావని చర్చిలో మీ లోలా చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

డెల్ఫిన్ గబుక్కున లేచి, చేత్తో నోరు మూసుకున్నాడు. అలవాటు.

"చూడు, నేనన్నది తప్పే. నలుగురిలో అలా అనకూడదు. నాన్న కూడా తిట్టాడు. నాకైతే... రోజూ నువ్వు నిలబడే చోటు ఖాళీగా కనిపిస్తుంటే ఏదోలా ఉంది. ఇంకా కోపమేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. గొంతు చూపించాడు.

"గొంతు నొప్పా? పడిశానికి రేవు మానేస్తారా ఎవరైనా? మాట్లాడటం ఇష్టం లేదని చెప్పు, పోతాను."

వంటింట్లోంచి లోలా ఏదో అరిచేలోపే ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది. చెప్పులు వేసుకుంటోంది. గొడుగు విప్పుతోంది. ఇప్పుడు వెళ్తే ఇక రాదు. డెల్ఫిన్ ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు.

"మారివిక్!"

ఆ కేకతో పాటే గొంతులో వెచ్చగా ఏదో జారింది. సింకు దాకా పరుగెత్తి ఉమ్మాడు. ఈసారి జెల్లీ కాదు.

తర్వాతదంతా కలలా జరిగింది. వానలో ట్రైసికిల్, పక్కతొట్టి కట్టిన మోటార్‌సైకిల్. పైకప్పు రేకు మీద దడదడ, పక్కనుంచి జల్లు. అతని వొళ్లో గిన్నె, గిన్నెలో ఎరుపు. మారివిక్ ఒక చేత్తో అతని నుదురు పట్టుకుంది, ఇంకో చేత్తో డ్రైవర్ వీపు మీద బాదుతోంది.

"పోనీ అన్నా, పోనీ! ఏయ్ డెల్ఫిన్, కళ్లు మూశావంటే ఊరుకోను. చచ్చిపోయావో, చంపేస్తా నిన్ను!"

అతనికి నవ్వొచ్చింది, భయంతో అదీ ఆగిపోయింది. ఆమె బుగ్గల మీద వాన నీళ్లు కారుతున్నాయి. వాన నీళ్లేనా? అడగడానికి నోరు లేదు. అడక్కుండానే పోతానేమో అనిపించింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గొంతులో మంట పుట్టించే మందేదో అద్ది రక్తం ఆపింది. ఆపాక తిట్ల దండకం ఎత్తుకుంది.

"కేక పెట్టావా? పొక్కు ఊడే రోజుల్లో కేకా? బజార్లో వేలం పాడుతున్నావా?" చేతులు కడుక్కుంటూ మారివిక్ వైపు చూసింది. "ఎవరి చెవిలోనో మాట్లాడాలని ఇంత పని చేశాడండీ ఈయన. నోటి వాసన పోవాలట! ఆ చెవి మీదేనా?"

మారివిక్ చెయ్యి తనంతట తానే చెవి మీదికి వెళ్లింది. లోలా పాసింగ్ జపమాల పట్టుకుని లోపలికి రాగానే, తల వంచుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. తాహో లేదు, ఫోన్ లేదు. గొంతు నొప్పి తగ్గుతుంటే ఛాతీలో బరువు పెరుగుతూ పోయింది. జాలి పడిందా? సిగ్గు పడిందా? తన మాట వల్ల ఒకడు కత్తి కిందికి వెళ్లాడంటే ఏ ఆడపిల్లకైనా భయమెయ్యదూ? చివరికి డాక్టరమ్మ టార్చి ఆర్పి, "ఇక గుసగుసలాడుకో" అంది.

మర్నాడు తెల్లవారుతుండగా అతను రేవులో ఉన్నాడు.

మారివిక్ చూసింది. చూడనట్టే టబ్బులో బంగడాలు సర్దింది. రుడీ పుదీనా చప్పరిస్తూ ఆమె చెవిలో తన ధర చెప్పి వచ్చాడు. తర్వాత డెల్ఫిన్ వంతు.

వెళ్లాడు. చెయ్యి అడ్డం పెట్టి వంగాడు. సబ్బు వాసన, ముత్యప్పోగు. ధర మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్లు మింగలేక మింగిన మాటే చెప్పాడు.

ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. ఆ పనిలో మొహం కదలకూడదు. ఇంకో ఇద్దరిది విని నిటారుగా నిలబడింది.

"రుడీ!" అని పిలిచింది.

టబ్బు రుడీ మనుషులు లాక్కుపోయారు. డెల్ఫిన్ తల దించుకుని వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి? ధర చెప్పకుండా చేపలెలా వస్తాయి?" వెనక నుంచి మారివిక్ గొంతు. "అన్ని రోజులూ నేనెందుకు రాలేదో అడగవేం? నేనొస్తే నువ్వు నోరు తెరుస్తావ్. తెరిస్తే మళ్లీ రక్తం. ఆ గిన్నె తల్చుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించట్లేదు, తెలుసా?"

ఆమె దగ్గరికొచ్చింది. రేవు రేవంతా నోరెళ్లబెట్టింది. కొనేవాళ్లు అమ్మే మనిషి చెవిలో చెప్పాలి గానీ, అమ్మే మనిషి కొనేవాడి చెవిలో చెప్పడం ఆ రేవులో ఎవరూ చూడలేదు. మారివిక్ చెయ్యి అడ్డం పెట్టుకుని, మునివేళ్ల మీద లేచి, డెల్ఫిన్ చెవిలో ఏదో చెప్పింది.

అతని మొహం మాత్రం కదలకుండా ఉండలేకపోయింది.

"ఏంటమ్మాయ్ అన్నావ్? పైకి చెప్పు!" అని అరిచింది ఎవరో చేపలమ్మ.

మంచుపెట్టె మీద కూర్చున్న మాంగ్ టెబన్ మెల్లిగా లేచాడు. ఆయనకి ఒక్క గుసగుసా వినపడదు. కూతురి మొహం మాత్రం కనిపిస్తూనే ఉంది.

"బులుంగన్‌లో చెవిలో చెప్పింది పైకి చెప్పరు," అన్నాడు. "నెగ్గినవాడి పేరే పిలుస్తారు."

గొంతు సవరించుకుని, పడవల దాకా వినపడేలా పిలిచాడు.

"డెల్ఫిన్!"