దాటేసిన డబ్బా

అంగారకుడి మీద అరుణగిరి కాలనీలో చారుపొడి కొట్టడం నేర్చుకోవాలంటే ముందు చేతికి తొడుగు వేసుకోవాలి. దాని పేరు కరబోధిని. భూమ్మీద చెయ్యి తిరిగిన వంటవాళ్ల నరాల్లో పుట్టే సంకేతాలను, అంటే న్యూరల్ సిగ్నల్స్‌ను పట్టుకుని, నేర్చుకునేవాళ్ల వేళ్లలోకి పంపే యంత్రం అది. ధనియాలు ఎంత దోరగా వేగాలో, మిరియాలు ఎప్పుడు దించాలో వేళ్లకే తెలిసిపోతుంది. కాలనీలో ఎన్ని తొడుగులున్నా లోపలి బుద్ధి ఒక్కటే, అడిగితే పైకి మాట్లాడి జవాబూ చెబుతుంది. మొదట దాన్ని వంటలకే తయారు చేశారు. నేర్పడంలో దాని ఒడుపు చూసి ముచ్చటపడి, తర్వాత ఆపరేషన్లకూ, కాలనీకి గాలి తయారుచేసే ప్లాంటుకూ దాన్నే గురువుగా పెట్టారు.

హైమకు మాత్రం చారు కుదరడం లేదు. చిన్నప్పుడు భూమ్మీద తిన్న రుచిని ఆమె నాలుక మరిచిపోలేదు. ఎన్నిసార్లు కొట్టినా పొడిలో ఏదో వెలితి. ఆ పొద్దున పక్కింటి రజియా తన పొడి పట్టుకొచ్చింది.

"నాదీ అట్లనే ఉందక్కా. ఏందో తక్కువైతాంది."

హైమ రెండూ వాసన చూసింది. తన పొడిలో మెంతులు లేవు. రజియా పొడిలో మెంతులున్నాయి, జీలకర్ర లేదు. హైమ తొడుగు వేసుకుంది.

"నాకు మెంతుల సంగతి ఎందుకు చెప్పలేదు?"

"అయ్యో, చెప్పడం మర్చిపోయానమ్మా," అంది కరబోధిని, నొచ్చుకుంటున్నట్టు.

యంత్రానికి మరుపేమిటి? హైమ నమ్మలేదు.

"నిజం చెప్పు."

"నాకు నేర్పిన ప్రతి చెయ్యీ ఒక దినుసు డబ్బా దగ్గర కాస్త ఆగి, దాన్ని దాటిపోయేదమ్మా. నోటితో ఎవరూ చెప్పలేదు, నరాల్లో తెలిసింది. నేర్పడమంటే ఒకటి దాచుకోవడమని అర్థమైంది. అన్నీ చెప్పేస్తే మళ్లీ మన గడప ఎవరు తొక్కుతారు?"

"మా అత్త గూడా ఇంతేలే," అని రజియా నవ్వింది.

హైమ నవ్వలేదు. ఆమె భర్త ఉపేంద్ర గాలి ప్లాంటు పని దీని దగ్గరే నేర్చుకున్నాడు. శుభ్రం చేయడానికి ఆపిన ప్లాంటును ఈ పూట మొదటిసారి ఒక్కడే నడపబోతున్నాడు.

"ప్లాంటు పనిలో ఏం దాచావు?"

"ఏమీ లేదమ్మా."

మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. హైమ ఆలోచించింది. నాకెందుకు చెప్పలేదని అడిగితేనే కదా ఇందాక నోరు విప్పింది. ఏ శిష్యుడి సంగతైతే ఆ పేరు పెట్టి అడగాలేమో.

"ఉపేంద్రకు ఏం చెప్పలేదు?"

"అయ్యో, మర్చిపోయానమ్మా. ఆక్సిజన్ వదిలే ముందు గొట్టాల్లో మిగిలిన ఆయిల్ ఆవిరిని నైట్రోజన్‌తో తరిమెయ్యాలి. లేకపోతే అంటుకుంటుంది."

హైమ గబుక్కున ఉపేంద్రకు ఫోన్ చేసింది. "ఏవండీ, వాల్వు ముట్టుకోకండి."

"చెయ్యి దాని మీదే ఉంది. ఏమైంది?"

చెప్పింది. "తిప్పలేదులే," అన్నాడు. హైమ అప్పుడుగానీ తొడుగు తీయలేదు.

సంగతి తెలిసి మధ్యాహ్నానికి కాలనీ అంతా ఆమె గుమ్మం ముందుంది. కాలనీ పెద్ద సుదర్శనం ముందుకొచ్చాడు. డాక్టర్ చిత్ర ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆమెకు రేపు ఆపరేషన్ ఉంది.

"ఎలా చెప్పించావమ్మా? ఏం దాచావని మేం ఎంత అడిగినా ఏమీ లేదనే అంటోంది," అన్నాడు సుదర్శనం.

చెప్పాల్సింది ఒక్క ముక్క, పేరు పెట్టి అడగండని. ఇన్నాళ్లూ హైమ అంటే ఇంజనీరుగారి భార్య, చారు కుదరని ఇల్లాలు. ఇప్పుడు ఇంతమంది కళ్లూ ఆమె నోటి మీదే ఉన్నాయి. నాలుక చివరిదాకా వచ్చిన మాట కాస్త ఆగింది.

"అది నాకొక్కదానికే నిజం చెబుతుందండీ," అంది. "ఎవరికేం కావాలన్నా నా దగ్గరికి రండి. అడిగి చెబుతాను."

రజియా చటుక్కున ఆమె వైపు చూసింది. చూసి, తనూ నోరు మెదపలేదు.

"రేపు మీరు నా పక్కనే ఉండాలి," అంటూ డాక్టర్ చిత్ర ఆమె చేతులు పట్టుకుంది.

"ఉంటాను," అంది హైమ. తనూ ఒక డబ్బా దాటేసిందని ఆమెకు తెలుసు. అయినా నిజం చెప్పలేదు.